ఇరవై ఏడో పేరా

వాక్యం అదే ఉండగా అందులో ఒక్క మాట మారిస్తే పాపం కాస్తా పుణ్యం అయిపోతుందా? ఈ సందేహం కామాగారిని ఆరేళ్ళుగా పట్టుకుని ఉంది. పొద్దున్నే దీపం పెట్టి దణ్ణం పెట్టుకునేటప్పుడు దేవుణ్ణి ఎన్నోసార్లు అడిగారు. దేవుడు ఏమీ చెప్పలేదు. చెప్పకపోవడం ఆయనకు అలవాటే, అడగడం ఈయనకు అలవాటే.

ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఆఫీసులో ఎవరికీ గుర్తు లేదు. వ్యాపార విచారణ సంఘంలో ఆయన పని సరిచూడటం. సంఘం ఇచ్చే ప్రతి తీర్పుకూ ముందు చిత్తుప్రతి వస్తుంది, తర్వాత శుద్ధప్రతి టైపవుతుంది. చిత్తు చేతిలో పట్టుకుని ఈయన పైకి చదవాలి. ఎదురుగా తోటి గుమాస్తా అద్దాలక్కయ్య శుద్ధప్రతి మీద స్కేలు జరుపుకుంటూ చూడాలి. అక్షరం గాని ఒత్తు గాని జారకూడదు కాబట్టి కామా వస్తే "కామా" అని, వాక్యం అయిపోతే "చుక్క" అని గట్టిగా అనాలి. పాతికేళ్ళ అలవాటు. ఇంట్లో అన్నం ఎలా ఉందంటే "బాగుంది కామా కొంచెం పలుకు చుక్క" అంటారని ఆయన భార్య అందరికీ చెప్పి నవ్విస్తుంది.

ఆ పనికి నియమం ఒక్కటే: ఉన్నది ఉన్నట్టు. చిత్తులో తప్పు కనబడినా దిద్దే హక్కు ఆయనకు లేదు. పక్కన పెన్సిలుతో ప్రశ్నగుర్తు పెట్టి పైకి పంపాలి. పైవాళ్ళు దిద్దితే దిద్దుతారు, లేకపోతే తప్పే తీర్పవుతుంది.

సోమవారం పొద్దున నీలం కంపెనీ ఫైలు వచ్చింది. ఆ కంపెనీకి వేరే పేరుంది గాని దాని బోర్డు రంగును బట్టి జనం నీలం కంపెనీ అనే అంటారు. ఊళ్ళో సగం ఫోన్లు దానివే. ఫోన్ల విడిభాగాలు తయారుచేసే ముగ్గురు పెద్దలతో అది ఒక ఒప్పందం చేసుకుంది: తెర గాని బ్యాటరీ గాని, ఏ విడిభాగమైనా నీలం కౌంటర్లకే అమ్మాలి, ఇంకెవరికీ అమ్మకూడదు. ఇది అన్యాయమని ఎవరో ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదును కొట్టేస్తూ రాసిన తీర్పు అది.

కామాగారు గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టారు. పద్దెనిమిది పేరాలు సాఫీగా నడిచాయి. పంతొమ్మిదో పేరాలో ఆయన కళ్ళు కాగితం మీంచి లేచి కిటికీ మీదికి పోయాయి. నోరు మాత్రం ఆగలేదు.

"ఒక్కరితో తప్ప మరెవరితోనూ ఇచ్చిపుచ్చుకోవడాలు ఉండవని కుమ్మక్కయి కామా కొనేవారికి వేరే దారి లేకుండా చేశారు చుక్క ఇది బజారుకు హాని చుక్క."

అక్కయ్య స్కేలు ఆగింది. "ఏం చదువుతున్నావు తమ్ముడూ? ఇక్కడ అలా లేదే."

ఆయన ఉలిక్కిపడి కాగితం చూశారు. నిజమే, లేదు. "ఒక్కరితో తప్ప మరెవరితోనూ ఇచ్చిపుచ్చుకోవడాలు ఉండవని భాగస్వామ్యం కుదుర్చుకుని కామా కొనేవారికి వేరే దారి వెతుక్కునే శ్రమ లేకుండా చేశారు చుక్క ఇది బజారుకు మేలు చుక్క."

"శ్రమ లేకుండానట," అంది అక్కయ్య అద్దాలు ముక్కు మీదికి జార్చి. "పీక పిసికి, ఊపిరి పీల్చే శ్రమ తప్పించామన్నట్టు. మరి నువ్వు చదివింది ఎక్కడిది?"

"పాతది. రిపేరు దుకాణాల తీర్పులోది."

ఆరేళ్ళ కిందట ఆ తీర్పు సరిచూసింది కూడా వీళ్ళిద్దరే. ఫోన్లు బాగుచేసే పన్నెండు చిన్న దుకాణాలవాళ్ళు, నాసిరకం బ్యాటరీలు పేలుతున్నాయని, నమ్మకంగా ఇచ్చే ఒకే ఒక్క టోకు వ్యాపారి దగ్గర కొనుక్కుందామని కాగితం రాసుకున్నారు. అతను ఆ వీధిలో ఇంకెవరికీ అమ్మకూడదని కూడా రాసుకున్నారు. సంఘం దాన్ని కుమ్మక్కు అంది. జరిమానా వేసి, పన్నెండు పేర్లూ కుమ్మక్కుదారుల జాబితాకు ఎక్కించింది. ఆ జాబితాలో పేరున్నవాడికి ఏ కంపెనీ కూడా తన సరుకు అమ్మే హక్కు ఇవ్వదు. ఆ పన్నెండుమందిలో తొమ్మిదోవాడు కామాగారి బావమరిది.

మళ్ళీ చదివారు. ఇప్పుడు ఒక్కొక్క వాక్యం పాత చుట్టంలా ఎదురొచ్చింది, కొత్త బట్టలేసుకుని. కారణాలు అవే, వరస అదే. కుమ్మక్కు ఉన్నచోట భాగస్వామ్యం, అడ్డుకట్ట ఉన్నచోట నాణ్యత, పన్నెండు దుకాణాలవారు ఉన్నచోట కంపెనీవారు. ఇరవై ఏడో పేరా దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు ఆగిపోయింది.

"చదువు తమ్ముడూ."

"కాబట్టి కామా ఆ పన్నెండు దుకాణాల వారు చేసుకున్న ఒప్పందం తప్పు కాదని కామా దానివల్ల బజారుకు మేలే జరిగిందని ఈ సంఘం తేలుస్తున్నది చుక్క."

అక్కయ్య తన ప్రతి మీద వేలు పెట్టి మూడుసార్లు చూసుకుంది. అక్కడా అదే ఉంది.

"పెట్టు గుర్తు," అంది చివరికి.

ఆయన పెన్సిలు చెక్కుకుని, అంచున పెద్ద ప్రశ్నగుర్తు పెట్టారు.

సెక్షన్ ఆఫీసరు ముప్ఫై దాటనివాడు. అతని బల్ల మీద కాగితం అన్నది ఉండదు. నీలం కంపెనీ ఫోను ఒకటి, అదే కంపెనీ టాబ్లెట్ పలక ఒకటి, అదే కంపెనీ వాచీ చేతికి. ఆఫీసులో ఎవరూ ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. ఆ మాట నిజం. ఎవరూ పైసా తినలేదు, ఎవరూ తినిపించలేదు. ఊరికే, ఉత్తపుణ్యానికి, ఆ కంపెనీని ప్రేమించారు. లంచం తిన్నవాడికైనా కడుపునిండే వేళ ఒకటుంటుందని, ఉచితంగా వంగినవాడికి నడుం ఎత్తే వేళే ఉండదని కామాగారికి ఆ గదిలో నిలబడ్డప్పుడల్లా తోచేది.

"సార్, ఇరవై ఏడో పేరా ఒక్కసారి చూస్తారా?"

"చూసేదేముందండీ కామాగారూ, నేనే రాశాను. ఇలాంటి ఒప్పందాల మీద మన సంఘం ఇచ్చిన తీర్పు అదొక్కటే ఉంది. అది కంప్యూటర్లో తెరిచి, మాటలు మార్చమని ఒక్క నొక్కు నొక్కాను. ఊళ్ళో ఉన్న పన్నెండు దుకాణాలవారు అందరూ క్షణంలో కంపెనీవారైపోయారు." తన హాస్యానికి తనే నవ్వాడు.

"అందరూ అవలేదేమో సార్."

అతను వినిపించుకోలేదు. ఫోను మోగితే చూసి పక్కన పెట్టాడు. కామాగారు ఇంకాస్త మెల్లగా అడిగారు. "ఒక సందేహం సార్. ఆ వాక్యం వాళ్ళకి తప్పయినప్పుడు వీళ్ళకి ఒప్పెలా అవుతుంది?"

"అది వేరండీ."

"ఏది వేరండీ?"

"స్థాయి. పన్నెండుమంది బజారోళ్ళు చాటుగా చేరి రాసుకుంటే కుట్ర. ప్రపంచమంతా పేరున్నవాళ్ళు రాసుకుంటే విధానం."

"వీళ్ళు కూడా చాటుగానే రాసుకున్నారుగా సార్? ఫిర్యాదు వస్తేగాని బయటపడలేదు."

"దాన్ని గోప్యత అంటారు." ఆఫీసరు ఓపికగా చూశాడు, పిల్లవాడికి గుణింతం చెప్పేవాడిలా. "పై నెలలో ఎర్ర కంపెనీ ఫైలొస్తోంది. అదే ఒప్పందం. వాళ్ళ సంగతి చూడండి. దోపిడీగాళ్ళు. ఆ ఫోను పట్టుకుంటేనే వేడి. వాళ్ళ తీర్పుకైతే నాకింత పని కూడా లేదు, పాత మాటలు పాతగానే ఉంచేస్తా."

"అంటే వాళ్ళది కుమ్మక్కు."

"కాక?"

అతను పైనుంచి కిందికి కాగితాలు తిప్పుతూ, సొరుగులోంచి రబ్బరు తీసి, కనబడిన పెన్సిలు గుర్తులన్నీ వరసగా తుడిచేశాడు. ఇరవై ఏడో పేరా పక్కనున్నది కూడా తుడిచాడు. చదవలేదు. రబ్బరు పొడి ఉఫ్ అని ఊదాడు. అది కామాగారి చొక్కా మీద పడింది.

"ఈ పెన్సిలు గీతలతో పెద్దాయన సంతకానికి పంపుతామా? చూడండి, మీ పని ఏంటి? చిత్తులో ఉన్నది శుద్ధప్రతిలో ఉందా లేదా?"

"ఉంది సార్."

"అయితే ఉందని రాసి సంతకం పెట్టండి. ఆలోచించడానికి మీకు జీతం ఇవ్వట్లేదు."

కామాగారు శుద్ధప్రతి చివరి పేజీలో ఎప్పుడూ రాసే వాక్యమే రాశారు. "చిత్తుప్రతితో అక్షరం పొల్లుపోకుండా సరిపోయినది." కింద సంతకం పెట్టారు. అందులో అబద్ధం లేదు.

ఇంటికి వచ్చాక భార్యకు చెప్పారు. ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతూ విన్నది.

"అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ," అంది. "మీ ఆఫీసు వాళ్ళకి ఇంత కాగితం ఎందుకండీ, ఈ ఒక్క ముక్క గోడ మీద రాయించుకుంటే సరిపోయేది." ఒక రాయి తీసి పక్కన పడేసింది. "వాడి మాటేమైనా వచ్చిందా అందులో?"

"వచ్చింది."

"వాడు అడిగిన కాగితం మాట?"

ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించారు. ఆవిడ తమ్ముడు ఆ ఇంటి గడప తొక్కి ఆరేళ్ళయింది. తీర్పు చదివే తారీకు చెప్పే కాగితం ఆ పన్నెండుమందికీ తీర్పు చదివేసిన మర్నాడు చేరింది. జరిమానా ఎంతో చెప్పే రెండు ముక్కలు తప్ప తీర్పు వాళ్ళెవరూ చూడలేదు. "బావా, నేను చేసిన తప్పేంటో చదువుకుంటాను, పూర్తి నకలు ఒకటి ఇప్పించు," అని బావమరిది దరఖాస్తు రాసి ఈయన చేతికే ఇచ్చాడు. వారంలో అయ్యే పని. ఆ దరఖాస్తు ఇప్పటికీ కామాగారి సొరుగులో అడుగున ఉంది. నకలు తీస్తే చివరి పేజీ కూడా తీయాలి. కుమ్మక్కు అన్న మాటకు కింద, సరిచూసినవారు అన్నచోట, ఆయన సంతకం ఉంటుంది.

మంగళవారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఆయన కాళ్ళు ఆ వీధిలోకి తిరిగాయి. పన్నెండు దుకాణాల్లో నాలుగు మిగిలాయి. బావమరిది దుకాణం వెడల్పు మనిషి చేతులు చాపితే సరిపోయేంత. బల్లకు బిగించిన దీపం కింద ఒక ఫోను వెల్లకిలా పడుకుని ఉంది. అతను వేడిగాలి చూపించి అంచు మెత్తబరచి, పల్చటి బిళ్ళ ఒకటి దూర్చి, తెరను కాగితం విప్పినట్టు విప్పాడు. నువ్వుగింజంత మరలు ఒక్కొక్కటే తీసి, అయస్కాంతం చాప మీద తీసిన వరసలోనే పేర్చాడు. తల ఎత్తకుండానే పలకరించాడు.

"రా బావా. ఏం తెచ్చావు, కామాలా చుక్కలా?"

"ఊరికే ఇటు వచ్చాను."

"కూర్చో. అక్క బాగుందా?"

"బాగుంది."

కొత్త తెర అమర్చి మీట నొక్కాడు. ఫోను వెలిగి, తెర మధ్యలో నీలం అక్షరాలు వచ్చాయి. ఈ భాగం గుర్తింపు పొందినది కాదు, మా కౌంటరును సంప్రదించండి. అతను దాన్ని ఈయన వైపు తిప్పి చూపించాడు.

"తెర మంచిదే బావా. వాళ్ళ ఫోన్లోంచి తీసి వాళ్ళ ఫోన్లోకే పెట్టాను. నా చెయ్యి తగిలిందని మైలపడింది. గురువారం మీవాళ్ళు తీర్పు ఇస్తారటగా?"

"ఊఁ."

"నీలంగారికి హారతి పడతారన్నమాట. పట్టుకోండి." మరలు తీసిన వరసలోనే మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు. "మేం తప్పు చేశామేమో బావా, నాకు తెలీదు. చదువుకున్నవాళ్ళు చెప్పారు కాబట్టి అయ్యుంటుంది. ఏ తప్పో ఒక్కసారి చదువుకుందామనుకున్నా. అంతే. ఆ నకలు రాదులే ఇంక."

అతను కోపంగా అని ఉంటే కామాగారు తట్టుకునేవారు. మామూలుగా అన్నాడు, వాన రాదులే అన్నట్టు.

గురువారం పొద్దున దీపం ముందు కామాగారు ఎక్కువసేపు కూర్చున్నారు. తప్పు కనబడితే మూడుసార్లు చెప్పడం ధర్మం. ఒకసారి గుర్తు పెట్టి చెప్పారు. ఒకసారి నోటితో చెప్పారు. ఇంకొక్కసారి మిగిలి ఉంది. చెబుతాను, అని దేవుడికి మాటిచ్చారు. వాళ్ళు వినకూడదు, అని కూడా లోపల ఎక్కడో కోరుకున్నారు. వెంటనే చెంపలు వేసుకున్నారు.

తీర్పులు చదివేది కూడా ఆయనే. గొంతు స్పష్టమని పెద్దాయన పెట్టిన ఏర్పాటు. హాలు నిండిపోయింది. ముందు వరసలో నీలం కంపెనీ లాయర్లు, చేతుల్లో పూలగుత్తి ఒకటి సిద్ధంగా. తీర్పు వినకముందే పూలు కొనుక్కుని వచ్చినవాళ్ళని ఆయన తొలిసారి చూశారు. ఎత్తైన కుర్చీలో పెద్దాయన, సంఘం అధ్యక్షుడు, తన ఫోన్లో మనవరాలి ఫొటో పక్కవాడికి చూపిస్తున్నాడు. "ఎంత తేటగా వచ్చిందో చూడవయ్యా. వీళ్ళకి వంక పెట్టడానికి మనసెలా ఒప్పుతుంది?"

కామాగారు చదివారు. పంతొమ్మిదో పేరా దగ్గర లాయర్లు తలలూపారు. ఇరవై రెండు దాటేసరికి విలేకరుల్లో సగంమంది కాఫీకి లేచారు. ఇరవై ఆరు అయింది. ఆయన ఆగారు. పక్క బల్ల దగ్గరున్న సెక్షన్ ఆఫీసరు వైపు తిరిగి అందరికీ వినబడేలా అడిగారు.

"సార్, ఇరవై ఏడో పేరా ఉన్నది ఉన్నట్టే చదవమంటారా?"

ఆఫీసరు మొహం ఎర్రబడింది. "ఉన్నది ఉన్నట్టే చదవండి!"

"చదవవయ్యా, అవతల ఫొటోలవాళ్ళు నిలబడ్డారు," అన్నాడు పెద్దాయన.

కామాగారు చదివారు. తొందరపడలేదు, గొంతు తగ్గించలేదు. "కాబట్టి, ఆ పన్నెండు దుకాణాల వారు చేసుకున్న ఒప్పందం తప్పు కాదని, దానివల్ల బజారుకు మేలే జరిగిందని, ఈ సంఘం తేలుస్తున్నది."

ఆయన ఒక్క క్షణం ఎదురుచూశారు. ఎవరో దగ్గారు. ముందు వరసలో ఒకడు పూలగుత్తికున్న రిబ్బను సవరించాడు. పెద్దాయన ఇంకో ఫొటోకు జరిగాడు. ఇంతమంది చదువుకున్న చెవులు, ఒక్కటీ కదల్లేదు. వెనక గోడ దగ్గర అద్దాలక్కయ్య మాత్రం అద్దాలు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

మిగతా నాలుగు పేరాలూ చదివారు. పెద్దాయన అక్కడే సంతకం పెట్టాడు. ముద్ర పడింది. పూలు చేతులు మారాయి.

శుక్రవారం పదకొండు గంటలకు సెక్షన్ ఆఫీసరు సరిచూసే గదిలోకి వచ్చాడు. అతను ఆ గదికి రావడం అదే మొదలు. చేతిలో తీర్పు ఉంది.

"కామాగారూ! ఇదేంటండీ ఇది? ఇరవై ఏడు!"

"చూశారా సార్," అన్నారు కామాగారు.

"మీకు ముందే తెలుసు!"

"సోమవారం చెప్పాను సార్. మీరు రబ్బరుతో తుడిచారు. నిన్న కూడా అడిగాను."

అక్కయ్య స్కేలు మీదినుంచి చూపు ఎత్తకుండా అంది. "గుర్తు నా ముందే పెట్టాడు బాబూ, నిన్న అడిగినప్పుడూ నేనున్నాను."

ఆఫీసరు కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. "అన్నిచోట్లా మారింది, ఇక్కడెందుకు మారలేదు?"

"'దుకాణాలవారు' అని కలిపి ఉన్నచోటల్లా మీ యంత్రం మార్చింది. ఇక్కడ 'దుకాణాల' తర్వాత చిన్న ఖాళీ ఉంది. పాత తీర్పులోనే ఉంది. వేరే మాటనుకుని వదిలేసింది." ఆయన ఆగారు. "ఆ ఖాళీ నా తప్పే సార్. ఆరేళ్ళ కిందట అక్కయ్య అడిగింది, తమ్ముడూ అక్కడ ఖాళీ ఉందా అని. నేను చూడకుండా ఉందన్నాను. కళ్ళు సరిగా కనబళ్ళేదు ఆ పూట."

"సరే, ఇప్పుడు సవరించండి."

"సంతకం పడ్డ తీర్పు మనంతట మనం సవరించకూడదు కద సార్. నష్టపోయినవాళ్ళు దరఖాస్తు పెట్టాలి. ఈ పేరావల్ల నష్టపోయింది ఎవరూ లేరు. మరీ కావాలంటే కంపెనీవారు పెట్టవచ్చు. ఆ దుకాణాలది తప్పే, మాది తప్పు కాదు, అని. కారణం రాయాలి."

ఆఫీసరు అక్కడినుంచే కంపెనీ లాయరుకు ఫోను చేశాడు. కామాగారు వద్దనుకున్నా ఆ గొంతు గదంతా వినబడింది. "వదిలేయండి సార్. దాన్ని కదిపితే రెండు ఒప్పందాలూ పక్కపక్కన పెట్టి చూస్తారు. అయినా ఇరవై ఏడో పేరా దాకా ఎవడు చదువుతాడు? మేమే చదవలేదు."

ఫోను పెట్టేసి అతను తీర్పు మళ్ళీ తిరగేశాడు. "పై నెల ఎర్రవాళ్ళ తీర్పు ఎలా రాయమంటారు ఇప్పుడు? కారణం... ఏం కారణం రాయాలి?"

"నాకూ తెలీదు సార్," అన్నారు కామాగారు. "ఆరేళ్ళుగా అదే అడుగుతున్నాను."

శనివారం ఒంటిపూట ఆఫీసు. ఆయన సొరుగు అడుగునుంచి దరఖాస్తు తీశారు. మడతల దగ్గర చిరిగిపోతోంది. రికార్డు గదికి తనే వెళ్ళి పాత తీర్పు తీయించారు. నకలు తీసి, ప్రతి పేజీకీ ముద్ర వేశారు. కొత్త తీర్పుకు కూడా ఒక నకలు తీశారు. చివరి పేజీలు దాచలేదు.

దుకాణంలో బావమరిది చేతులు తుడుచుకుని కాగితాలు అందుకున్నాడు. బల్లదీపం దగ్గరికి లాక్కుని, మరలు చూసినంత శ్రద్ధగా చదివాడు. పాతది మొదట. పెదాలు కదులుతున్నాయి. చివరి పేజీ దగ్గర ఆగాడు.

"ఈ సంతకం నీదేనా బావా?"

"నాదే."

"కుమ్మక్కు అని పైకి చదివింది..."

"నేనే."

అతను మర ఒకటి అయస్కాంతం మీదినుంచి తీసి, మళ్ళీ అక్కడే పెట్టాడు. తర్వాత రెండో కాగితాలు తీసి, కామాగారు వేలు పెట్టి చూపించిన చోటు చదివాడు. రెండోసారి పైకి చదివాడు, అచ్చు బావ గొంతుతో, వెక్కిరిస్తూ. "కాబట్టి కామా ఆ పన్నెండు దుకాణాల వారు చేసుకున్న ఒప్పందం తప్పు కాదని కామా..." చుక్క దాకా రాలేకపోయాడు.

"పని చేస్తుందంటావా ఇది?"

"తెలీదు. జాబితాలోంచి పేరు తీయమని దరఖాస్తు పెట్టు. దానికి జవాబివ్వాలంటే ముందు వాళ్ళు చదవాలి కదా."

అతను ముక్కుతో నవ్వాడు. "చదివేస్తారేం!"

కామాగారు పాత దరఖాస్తు బల్ల మీద పరిచి, జేబులోంచి కలం తీసి ఇచ్చారు. అడుగున ఆరేళ్ళుగా ఖాళీగా ఉన్న గీత చూపించారు.

"నకలు ముట్టినట్టు రాయి."

బావమరిది ఎడమచేత్తో చిరుగు అదిమిపట్టి, నకలు ముట్టినది అని రాసి, సంతకం పెట్టాడు. కలం తిరిగి ఇవ్వబోతూ ఆగి, చివర గట్టిగా ఒత్తి ఒక చుక్క పెట్టాడు.